పొట్టి కోర్సు, గట్టి ఆట

ఇవాళ్టి టాపిక్ గోల్ఫ్.

ఆగండి, స్క్రోల్ చెయ్యకండి. గోల్ఫ్ అనగానే మనలో చాలామందికి ఒకే బొమ్మ కనిపిస్తుంది. తెల్ల టోపీ, చేతికి గ్లవ్, బ్యాటరీ బండి, వెనకాల బ్యాగు మోస్తూ ఒక మనిషి. "అది డబ్బున్నోళ్ల ఆట బాస్, మనకెందుకు" అంటాం. ఆ మాటలో నిజం ఉంది, నేను కాదనను. కానీ ఆ పెద్ద గోల్ఫ్ లోపల ఒక చిన్న గోల్ఫ్ ఉంది. తక్కువ స్థలం, తక్కువ టైం, చేతిలో రెండు మూడు క్లబ్బులు ఉంటే చాలు. దాని పేరు పార్ త్రీ కోర్సు. క్రికెట్‌కి మన గల్లీ క్రికెట్ ఎలాగో, గోల్ఫ్‌కి ఇది అలాగ.

అయితే అన్ని పార్ త్రీ కోర్సులూ గొప్పవి కావు. కొన్నిచోట్ల రెండు హోల్స్ ఆడేసరికి ఆవలింత వస్తుంది. కొన్నిచోట్ల ఒక రౌండ్ అయిపోగానే "ఇంకొక్కటి ఆడదాం" అంటారు. ఈ తేడా ఎక్కడ వస్తుంది? ఈరోజు నేను మాట్లాడేది దాని గురించే.

ముందు లెక్క చెప్తాను. పార్ అంటే, బాగా ఆడేవాడు ఒక హోల్‌ని ఎన్ని దెబ్బల్లో పూర్తి చెయ్యాలో ముందుగా అనుకున్న సంఖ్య. పార్ త్రీ అంటే మూడు దెబ్బలు. ఒక దెబ్బకి బంతి గ్రీన్ మీదకి చేరాలి. గ్రీన్ అంటే గుంత ఉండే చోటు, గడ్డిని నున్నగా కత్తిరించిన చోటు. అక్కడి నుంచి పటర్‌తో రెండు మెల్లటి దెబ్బలు. మొత్తం మూడు. మామూలు 18 హోల్స్ కోర్సులో సాధారణంగా నాలుగే పార్ త్రీలు ఉంటాయి. మిగతావన్నీ పార్ ఫోర్, పార్ ఫైవ్. అలాంటి కోర్సుకి వంద ఎకరాలు దాటి స్థలం కావాలి, రౌండ్‌కి నాలుగు గంటలు కావాలి. పార్ త్రీ కోర్సులో అన్నీ పార్ త్రీలే. తొమ్మిది హోల్స్ అయితే గంటా గంటన్నరలో అయిపోతుంది.

ఇక్కడ దూరాలు గజాల్లో చెప్తారు. గజం అంటే మనకి వెంటనే ప్లాటు గుర్తొస్తుంది. అది చదరపు గజం. ఇది పొడుగు గజం, అంటే మూడు అడుగులు.

సరే. మొదటి పాయింట్. పొట్టి అంటే సులువు కాదు.

స్కాట్లాండ్‌లో రాయల్ ట్రూన్ అని ఒక కోర్సు ఉంది. దాని ఎనిమిదో హోల్‌ని పోస్టేజ్ స్టాంప్ అంటారు. తపాలా బిళ్ళ! గ్రీన్ అంత చిన్నది. పొడవు 123 గజాలు. చుట్టూ లోతైన ఇసుక గుంటలు. వాటినే బంకర్లు అంటారు. 1950లో ఓపెన్ ఛాంపియన్‌షిప్‌లో హెర్మన్ టిస్సీస్ అనే జర్మన్ ఆటగాడు ఈ ఒక్క హోల్‌కి 15 దెబ్బలు తీసుకున్నాడు. ఒక బంకర్‌లోంచి కొడితే అవతలి బంకర్‌లో పడింది. అక్కడి నుంచి మళ్లీ ఇవతలికి. ఇప్పుడు 1973కి రండి. అదే హోల్. జీన్ సారజెన్ అని ఒక పాత ఛాంపియన్, వయసు 71. ఐదో నంబరు ఐరన్ తీసుకుని కొట్టాడు. బంతి నేరుగా గుంతలో పడింది. ఒక్క దెబ్బ. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి బంతి బంకర్‌లో పడింది. అక్కడి నుంచి కొడితే అది కూడా గుంతలోకే వెళ్లింది. రెండు రోజుల్లో కలిపి మూడు దెబ్బలు. పటర్ బయటికి తియ్యనే లేదు.

ఇప్పుడు ఆలోచించండి. మూడు వందల గజాలు కొట్టే కుర్రాడి బలం ఈ హోల్‌లో ఏ మూలకి పనికొస్తుంది? అందుకే 71 ఏళ్ల పెద్దాయన అక్కడ రాజు అయ్యాడు. పొడుగు హోల్‌లో మొదటి దెబ్బ వంకరగా పోయినా, రెండో దెబ్బతో సర్దుకోవచ్చు. పార్ త్రీలో ఆ సర్దుబాటు లేదు. ఉన్నది ఒక్క దెబ్బ. 2020లో అగస్టా నేషనల్‌లో మాస్టర్స్ చివరి రోజు, 155 గజాల పన్నెండో హోల్‌లో టైగర్ వుడ్స్ మూడు బంతులు వాగులో పడేసి 10 తీసుకున్నాడు. అంతకుముందు ఐదుసార్లు ఆ టైటిల్ గెలిచిన మనిషి! పిట్ట కొంచెం, కూత ఘనం అంటే ఇదే.

కాబట్టి పార్ త్రీ కోర్సు అంటే పిల్లల బొమ్మ కాదు. బాగా కడితే అది అసలైన పరీక్ష. మరి బాగా కట్టడం అంటే ఏంటి?

రెండో పాయింట్. ఒక దెబ్బకి ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఉండాలి.

చెడ్డ పార్ త్రీ ఎలా ఉంటుందో చెప్తాను. ముందు చెరువు, వెనక గుండ్రటి చదును గ్రీన్. బంతిని గాల్లోకి ఎత్తాలి, చెరువు దాటించాలి, అంతే. కొత్తగా నేర్చుకునే వాడికి బంతి ఎత్తడమే రాదు. వాడికి మిగిలేది చెరువులో "బుడుంగ్" అన్న చప్పుడు. బాగా ఆడేవాడికేమో ఆలోచించే పని లేదు, దూరం చూసుకుని కొట్టేస్తాడు. ఒకడికి నరకం, ఇంకొకడికి బోరు. డబ్బులు ఇద్దరివీ పోయాయి.

మంచి పార్ త్రీలో బంతిని నేల మీద దొర్లించుకుంటూ వెళ్లే దారి కూడా ఉంటుంది. స్కాట్లాండ్‌లోనే నార్త్ బెరిక్ అనే ఊళ్లో రెడాన్ అనే హోల్ ఉంది. రెడాన్ అంటే కోటకి ముందుకు పొడుచుకొచ్చినట్టు కట్టే రక్షణ కట్టడం. మన గోల్కొండ నయా ఖిల్లా గోడల మధ్య ఏకంగా గోల్ఫ్ కోర్సే ఉంది. అక్కడ గోల్ఫ్ హోల్‌కే కోట పేరు పెట్టారు. ఎందుకంటే ఆ గ్రీన్‌ని నేరుగా దాడి చేస్తే దొరకదు. ఎడమ పక్క లోతైన బంకర్ కాపలా కాస్తుంది. గ్రీన్ మొత్తం కుడి నుంచి ఎడమకి, ముందు నుంచి వెనక్కి వాలి ఉంటుంది. నేరుగా జెండా మీదకి కొడితే బంతి ఆగడం కష్టం. తెలివైనవాడు ఏం చేస్తాడు? జెండాని వదిలేసి కుడి పక్కన, కొంచెం ముందుగానే బంతిని దించుతాడు. మిగతా పని వాలు చేసిపెడుతుంది. బంతి మెల్లగా ఎడమకి తిరిగి, దొర్లుకుంటూ గుంత దగ్గరికి వెళ్తుంది. ఈ ఐడియా ఎంత నచ్చిందంటే, వందేళ్లకి పైగా ప్రపంచమంతా దీన్ని కాపీ కొడుతూనే ఉన్నారు.

మన వాళ్ల ఉదాహరణ కావాలా? సాహిత్ తీగల. తెలుగు కుటుంబం, కాలిఫోర్నియాలో పెరిగాడు. 2023లో మొదటిసారి మాస్టర్స్ ఆడి తొమ్మిదో స్థానంలో ఉన్నవాళ్లలో ఒకడిగా నిలిచాడు. చివరి రోజు పదహారో హోల్, అదీ పార్ త్రీయే. మొదటి దెబ్బ గ్రీన్ తప్పింది. అక్కడి నుంచి చిన్నగా కొట్టాలి. గుంత వైపు గురి పెట్టలేదు. వాలు మీదకి కొట్టాడు. బంతి పైకి ఎక్కింది, మలుపు తిరిగింది, మెల్లగా దిగింది, గుంతలో పడింది. యూట్యూబ్‌లో ఉంటుంది, చూడండి. చూశాక మీకు ఒక విషయం అర్థమవుతుంది. గోల్ఫ్‌లో నేల కూడా ఒక ఆటగాడే. పార్ త్రీ కోర్సు కట్టేవాడికి దూరం అనే ఆయుధం లేదు. చేతిలో ఉన్నది నేల ఒక్కటే. గ్రీన్‌లు బాగా వంపులు తిరిగి ఉంటే ఆ కోర్సు బతుకుతుంది. క్యారమ్ బోర్డులా చదునుగా ఉంటే చచ్చిపోతుంది.

మూడో పాయింట్. వెరైటీ.

పెద్ద కోర్సులో ఒక హోల్ పొడుగు, ఒకటి పొట్టి. ఆ తేడానే బోరు కొట్టకుండా కాపాడుతుంది. పార్ త్రీ కోర్సుకి ఆ సౌకర్యం లేదు. రోజూ పప్పే వండాలి, కానీ ఇంట్లో వాళ్లకి విసుగు రాకూడదు. ఏం చేస్తాం? ఒకరోజు టమాటా, ఒకరోజు పాలకూర, ఒకరోజు మామిడికాయ. ఇక్కడా అంతే. ఒకటి 60 గజాలు, పక్కది 130. ఒకటి ఎత్తు మీద నుంచి కిందకి, ఇంకోటి కింద నుంచి పైకి. ముఖ్యంగా దిక్కులు మారాలి. ఒక హోల్‌లో గాలి ఎదురొస్తే, ఇంకో హోల్‌లో వెనక నుంచి తోయాలి, మరో దాంట్లో పక్క నుంచి లాగాలి. అప్పుడు ఒకే 100 గజాల దెబ్బ మూడు వేరు వేరు దెబ్బలవుతుంది.

నేను ఒక పార్ త్రీ కోర్సు గురించి తెలుసుకోవాలంటే ముందు స్కోర్‌కార్డు చూస్తాను. వరసగా 120, 125, 118, 122 అని ఉంటే నాకు ఆసక్తి పోతుంది. అంటే నేల చూడకుండా గీతలు గీసి కట్టేశారని నా అనుమానం.

అమెరికాలో ఓరెగన్ సముద్రతీరంలో బాండన్ డ్యూన్స్ అనే చోట 2012లో బాండన్ ప్రిజర్వ్ అనే పార్ త్రీ కోర్సు తెరిచారు. కట్టింది బిల్ కూర్, బెన్ క్రెన్‌షా. దాంట్లో హోల్స్ ఎన్నో తెలుసా? 13. తొమ్మిది కాదు, పద్దెనిమిది కాదు. ఆ ఇసుక దిబ్బల్లో మంచివి పదమూడు దొరికాయి, అక్కడితో ఆపేశారు. 2018లో అదే ఇద్దరు విస్కాన్సిన్‌లో శాండ్‌బాక్స్ కట్టారు. దానికి 17. 2024లో బాండన్‌లోనే షార్టీస్ అని ఇంకొకటి వచ్చింది, దానికి 19. ఇది నాకు చాలా నచ్చిన విషయం. సంఖ్య కోసం నేలని నరకలేదు. నేల ఎంత ఇచ్చిందో అంత తీసుకున్నారు. పద్దెనిమిది చెయ్యాలని నాలుగు చెత్త హోల్స్ ఇరికిస్తే, ఆడేవాడికి గుర్తుండేది ఆ నాలుగే.

బాండన్ ప్రిజర్వ్ ఆఖరి హోల్‌లో ఇంకో ముచ్చట ఉంది. కిందకి వాలు. చాలామంది అక్కడ మొదటి దెబ్బే పటర్‌తో కొడతారు. వందకి పైగా గజాలు, పటర్‌తో! బంతి దొర్లుతూ దొర్లుతూ పోతుంటే అందరూ నిలబడి అరుస్తుంటారు. గోల్ఫ్ క్లబ్బు నిన్న మొదటిసారి పట్టుకున్నవాడు కూడా ఆ దెబ్బ కొట్టగలడు. నేను ఇందాక చెప్పిన "ఒకటి కంటే ఎక్కువ జవాబులు" అంటే ఇదే.

నాలుగో పాయింట్. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. అక్కడ ఎవరెవరు నిలబడగలరు?

నార్త్ కరోలినాలో పైన్‌హర్స్ట్ ఉంది. యూఎస్ ఓపెన్లు జరిగే చోటు. అక్కడ 2017లో గిల్ హాన్స్ ఒక చిన్న కోర్సు కట్టాడు. పేరు ద క్రేడిల్. క్రేడిల్ అంటే ఊయల. పది ఎకరాలు, తొమ్మిది హోల్స్, మొత్తం పొడవు 789 గజాలు. మన ఊళ్లో ఒక రైతు పొలం అంత. ఒకసారి డబ్బు కడితే రోజంతా ఎన్ని రౌండ్లయినా ఆడుకోవచ్చు, పెద్దవాళ్లతో వచ్చే పిల్లలకి ఉచితం, అన్న పద్ధతిలో మొదలుపెట్టారు. పాటలు మోగుతుంటాయి, పిల్లలు పరిగెడుతుంటారు, మామ్మలు ఆడుతుంటారు. పక్కనే ప్రపంచంలోని కఠినమైన కోర్సుల్లో ఒకటి.

నార్త్ బెరిక్‌లో అయితే పిల్లల కోర్సే వేరేగా ఉంది. తొమ్మిది హోల్స్. పెద్దవాళ్లు ఆడాలంటే ఒక రూల్. వెంట ఒక పిల్లో పిల్లాడో ఉండాలి! మన దగ్గర బోర్డులు ఎలా ఉంటాయి? "పెద్దలు తోడు లేనిదే పిల్లలకు ప్రవేశం లేదు." అక్కడ అది తిరగబడింది.

అగస్టా నేషనల్‌లో కూడా తొమ్మిది హోల్స్ పార్ త్రీ కోర్సు ఉంది. 1958లో కట్టారు. 1960 నుంచి మాస్టర్స్‌కి ముందు బుధవారం అక్కడ సరదా పోటీ పెడతారు. ఆటగాళ్ల భార్యలు, పిల్లలు తెల్ల డ్రెస్సులు వేసుకుని బ్యాగులు మోస్తారు. 2018లో గొప్ప ఆటగాడు జాక్ నిక్లస్‌కి బ్యాగు మోస్తూ వచ్చిన మనవడు, టీనేజ్ కుర్రాడు, తొమ్మిదో హోల్‌లో ఒక దెబ్బ కొట్టాడు. ఒక్క దెబ్బకే గుంతలో! 18 మేజర్ టైటిళ్లు గెలిచిన తాత కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంకో తమాషా. ఈ బుధవారం పోటీ గెలిచినవాడు అదే వారం అసలు మాస్టర్స్ గెలిచింది 2025 వరకూ ఒక్కసారి కూడా లేదు. అందుకే కొందరు గెలుస్తామేమో అని భయపడి, చివరి దెబ్బ పిల్లల చేత కొట్టించి స్కోరు లెక్కలోంచి తప్పుకుంటారు.

ఇప్పుడు మీలో ఒకరు అడుగుతారు. "అన్నా, గోల్ఫ్‌లో మజా అంతా డ్రైవర్ తీసి బలంగా బాదడంలోనే కదా? ఇక్కడ అది లేదు కదా?" కరెక్టే. ఆ మజా ఇక్కడ దొరకదు. సిక్స్ కొట్టే సుఖాన్ని స్ట్రైక్ రొటేషన్ ఇవ్వదు. కాకపోతే లెక్క చూడండి. మామూలు రౌండ్‌లో కూడా సగానికి పైగా దెబ్బలు గ్రీన్ చుట్టుపక్కలా, గ్రీన్ మీదా పడేవే. పార్ త్రీ కోర్సు నేర్పేది ఆ సగాన్నే. టెన్నిస్ బాల్‌తో ఇరుకు సందులో ఆడినవాడికి గ్యాప్‌లు కనిపించినట్టు, ఇక్కడ ఆడినవాడికి చేతుల్లో ఒక నేర్పు వస్తుంది. అది తర్వాత పెద్ద కోర్సులో అక్కరకొస్తుంది.

ఇంకో ప్రశ్న, ఇది గట్టి ప్రశ్న. "నువ్వు చెప్పిన బాండన్, పైన్‌హర్స్ట్, ఇవన్నీ ఖరీదైన రిసార్టులు. అగస్టాలో మామూలు జనం ఆడలేరు. మరి సామాన్యుడికేంటి?" నిజం. అందుకే నేను ఇంతసేపూ ఈ మాట దగ్గరికే వస్తున్నాను. పార్ త్రీ కోర్సు గొప్పతనంలో సగం దాని గ్రీన్‌లలో ఉంటుంది. మిగతా సగం దాని గేటు దగ్గర ఉంటుంది. ఎంత అందంగా కట్టినా, విమానమెక్కి హోటల్ బుక్ చేసుకుంటే తప్ప ఆడలేమంటే అది సగం పరీక్షే పాసైనట్టు. ఫ్లోరిడాలో పామ్ బీచ్ పార్ త్రీ అని ఒకటి ఉంది. ఒక పక్క అట్లాంటిక్ సముద్రం, ఇంకో పక్క కాలువ. చోటు చూస్తే కోటీశ్వరుల చోటు. కానీ అది ఆ టౌన్ సొంతం, బయటివాళ్లెవరైనా వెళ్లి ఫీజు కట్టి ఆడొచ్చు. బ్రిటన్‌లో పార్కుల్లో, సముద్రం ఒడ్డు ఊళ్లలో పిచ్ అండ్ పట్ అని చిన్న చిన్న కోర్సులు ఉంటాయి. క్లబ్బులు అద్దెకి ఇస్తారు. డ్రెస్ కోడ్ లేదు, సిఫారసు లెటర్ లేదు.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. ఏ ఆటైనా మనిషిని ఉంచుకుంటుందా, పంపేస్తుందా అన్నది మొదటి గంటలో తేలిపోతుంది. కొత్తవాణ్ణి తీసుకెళ్లి 400 గజాల హోల్ ముందు నిలబెడితే, వెనక నలుగురు వాచీ చూసుకుంటుంటే, వాడు పదో దెబ్బకి సిగ్గుతో తల దించుకుంటాడు. మళ్లీ రాడు. అదే మనిషిని 70 గజాల హోల్ ముందు నిలబెట్టండి. బంతి నేల మీద దొర్లి అయినా గ్రీన్ చేరుతుంది. తొమ్మిది హోల్స్‌లో ఒక్కటైనా మూడు దెబ్బల్లో అయిపోతుంది. "నేను పార్ చేశాను" అని ఇంటికెళ్లి చెప్పుకుంటాడు. ఆ ఒక్క మాటకి వచ్చేవారం మళ్లీ వస్తాడు.

అందుకే రేపు మీరు బెంగళూరులోనో, డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉండి, ఫ్రెండ్స్ ఎవరైనా పార్ త్రీ కోర్సుకి పిలిస్తే వెళ్లండి. కొత్తవాళ్లకి సరిపడే క్లబ్బులు మూడు. ఒక వెడ్జ్, ఒక ఎనిమిదో తొమ్మిదో ఐరన్, ఒక పటర్. వెళ్లాక నాలుగు విషయాలు గమనించండి. నేల మీద దొర్లించి కొట్టే దారి ఉందా? దిక్కులు, దూరాలు మారుతున్నాయా? ఒక గ్రీన్ నుంచి పక్క హోల్‌కి నడిచి రెండు నిమిషాల్లో వెళ్లగలుగుతున్నామా? ఆఖరిది, ముందు వెనక చూస్తే పిల్లలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు, కొత్తవాళ్లు కనిపిస్తున్నారా? నాలుగింటికీ అవును అని జవాబొస్తే, పేరు ఎవరికీ తెలియకపోయినా అది గొప్ప కోర్సే.

మన ఊళ్లలో కూడా ఎప్పుడైనా ఎవరైనా గోల్ఫ్ గురించి ప్లాన్ వేస్తే నేను అడిగే మాట ఒకటే. చుట్టూ విల్లాలు పెట్టి మధ్యలో నూటయాభై ఎకరాల పచ్చ గడ్డి, లోపలికి కొందరికే ఎంట్రీ, అదొక్కటే దారా? పది ఎకరాల్లో తొమ్మిది మంచి హోల్స్ కట్టి, గేటు తీసి, సాయంత్రం స్కూల్ పిల్లలకి క్లబ్బులు ఇస్తే కుదరదా? మేలైన నేల ఉండి, బుర్ర పెట్టి కట్టేవాడుంటే పది ఎకరాలు చాలని పైన్‌హర్స్ట్ చూపించింది కదా.

పొట్టోడు గట్టోడు అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆలోచించండి. మీ ఊరికి దగ్గర్లో ఏదైనా చిన్న కోర్సు ఉంటే కామెంట్‌లో పెట్టండి, పక్కవాళ్లకి పనికొస్తుంది. మళ్లీ ఇంకో టాపిక్‌తో కలుద్దాం. ఉంటాను.